పగలంతా పస్తు, రాత్రి తిండి: నా చికిత్స అనుభవం

పీజీ మొదటి ఏడాది చివర్లో నాకు బులీమియా అనే తిండి జబ్బు ఉందని డాక్టరు చెప్పారు. అప్పటిదాకా అది తిన్నదాన్ని బలవంతంగా కక్కేసేవాళ్ళకి, ఎముకలు తేలి మంచాన పడ్డవాళ్ళకి వచ్చే జబ్బు అనుకునేదాన్ని. నేను కక్కేదాన్ని కాదు. ఎముకలూ తేలలేదు. క్లాసులకి వెళ్తూ, రికార్డులు రాస్తూ, అందరితో నవ్వుతూనే ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నా. డాక్టరు దగ్గర ఏం అడుగుతారు, చికిత్స అంటే లోపల ఏం జరుగుతుంది అని నేను తెలుగులో వెతికినప్పుడు నాకు దొరికినవన్నీ బరువు తగ్గే చిట్కాలే.

మాది వరంగల్ దగ్గర పల్లె. ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి హైదరాబాద్ వచ్చి యూనివర్సిటీ లేడీస్ హాస్టల్‌లో చేరాను. వచ్చిన కొత్తలోనే నెలసరి తప్పడం మొదలైంది. దసరా సెలవులకి ఊరెళ్ళినప్పుడు అమ్మ ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళింది. అక్కడ స్కానింగ్ చూసి పీసీఓడీ, అంటే హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే అండాశయాల సమస్య అన్నారు. ఏం తింటున్నావు, ఎలా నిద్రపోతున్నావు అని ఒక్క మాట అడగలేదు. "అన్నం మానెయ్, బరువు తగ్గు, లేకపోతే రేపు పెళ్ళయ్యాక పిల్లలు పుట్టరు" అని చీటీ చేతిలో పెట్టి పంపించారు. ఇరవై రెండేళ్ళ అమ్మాయికి, పక్కన తల్లి కూర్చుని ఉండగా, అలా చెప్పకూడదు. ఇంత కాలం తర్వాత కూడా ఆ మాట తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

మొదట రాత్రి అన్నం మానేశాను. తర్వాత పొద్దున టిఫిన్. అంతలో కార్తీకం వచ్చింది. సోమవారం ఉపవాసం అంటే ఎందుకు తినలేదని ఎవరూ అడగరు, పైగా మెచ్చుకుంటారు. సోమవారానికి శనివారం తోడైంది, తర్వాత ఏకాదశి. దేవుడంటే నాకు భక్తి ఉంది, ఇప్పటికీ ఉంది. కానీ ఆ రోజుల్లో దీపం పెట్టేటప్పుడు కూడా మనసు బరువు చూసుకునే మిషన్ మీదే ఉండేది. ఫ్రెండ్స్ "నీకెంత కంట్రోల్ ఉందే" అనేవాళ్ళు. చుట్టాల పెళ్ళిలో మేనత్త నా గడ్డం పట్టుకుని "ఇప్పుడు చూడముచ్చటగ ఉన్నవ్" అంది. మన దగ్గర ఆడపిల్ల తినకపోతే వచ్చే మెప్పు చాలా పెద్దది. ఆ మెప్పు చాటున ఈ జబ్బు ఎన్నాళ్ళైనా ఎవరి కంటా పడకుండా ఉండగలదు.

రాత్రి సంగతి మాత్రం ఎవరికీ తెలీదు. పన్నెండు దాటాక ఆకలి మొదలయ్యేది. దాన్ని ఆకలి అనడం కూడా సరిపోదు, ఒంట్లో ఎవరో దూరినట్టుండేది. సంక్రాంతికి అమ్మ ఇచ్చి పంపిన సకినాల డబ్బా మంచం కింద ఉండేది. సకినం కొరికితే చప్పుడవుతుంది, రూమ్మేట్ లేస్తుంది. అందుకని నోట్లో పెట్టుకుని, నానేదాకా ఆగి, మింగేదాన్ని. మొదటి రెండు మూడింటి రుచి తెలిసేది. తర్వాత రుచీ లేదు, కడుపు నిండిన సంగతీ తెలిసేది కాదు. డబ్బా అయిపోతే బిస్కెట్లు, అవీ అయిపోతే రూమ్మేట్ బ్రెడ్డు. పొద్దున లేచాక సిగ్గు. ఆ సిగ్గుతో టిఫిన్ మానేసి, క్యాంపస్ రోడ్ల మీద ఎండెక్కేదాకా నడక. మధ్యాహ్నం మజ్జిగ. మళ్ళీ రాత్రి అదే.

ఒక రోజు ల్యాబ్‌లో టైట్రేషన్ చేస్తూ చేస్తూ కింద పడిపోయాను. గ్లూకోజ్ తాగించి హాస్టల్‌కి పంపారు. ఆ సాయంత్రం రూమ్మేట్ తలుపు వేసి నా ఎదురుగా కూర్చుంది. "నా బ్రెడ్డు సంగతి నాకు ఎప్పటినుంచో తెలుసు. దాని గురించి కాదు అడిగేది. నీకు ఏమవుతోందే?" అంది. నాకు ఏడుపు తప్ప మాట రాలేదు. తనే ఫోన్ తీసి టెలీ మానస్ నంబరు 14416 కొట్టి నా చేతికిచ్చింది.

టెలీ మానస్ కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం రోజున మొదలైంది. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు. భాష ఎంచుకోమంటుంది, తెలుగు ఉంది. అటువైపు ఒక ఆవిడ తెలుగులో మాట్లాడారు. ఆవిడ మొదట అడిగింది తిండి గురించి కాదు. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా, ఇప్పుడు నీ పక్కన ఎవరైనా ఉన్నారా అని. ఆ మాట అంత సూటిగా అడిగేసరికి మొదట ఉలిక్కిపడ్డాను గానీ, తర్వాత ఏది చెప్పినా ఆవిడ తట్టుకోగలరు అనిపించింది. నిద్ర, చదువు, ఇల్లు అన్నీ అడిగి, చివర్లో, ఇది ఫోన్లో తేలేది కాదు, సైకియాట్రిస్ట్‌ని కలవాలి, ముందు క్యాంపస్ కౌన్సెలర్ దగ్గరికైనా వెళ్ళమ్మా అన్నారు.

కౌన్సెలర్ మేడమ్ గదిలో ఐదు ప్రశ్నలున్న కాగితం ఇచ్చారు. దాన్ని స్కాఫ్ అంటారని, 1999లో లండన్‌లో తయారైందని తర్వాత తెలిసింది. కడుపు మరీ నిండిపోయిందని వాంతి చేసుకుంటావా, ఎంత తింటున్నావో అదుపు తప్పిపోయిందని దిగులుగా ఉందా, ఈ మధ్య బరువు బాగా తగ్గావా, అందరూ సన్నగా ఉన్నావంటున్నా నీకు లావుగా అనిపిస్తోందా, తిండే నీ జీవితాన్ని నడిపిస్తోందనిపిస్తోందా. రెండిటికి అవును అంటే చాలు, డాక్టరుకి చూపించుకోవాలి. చివరి ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగిపోయింది. ఆ ఏడాది నేను చదివిన ఏ పాఠమూ గుర్తులేదు. ఏ రోజు ఏం తిన్నానో, ఏం తినలేదో మాత్రం తేదీలతో సహా చెప్పగలను.

సైకియాట్రీ ఓపీకి వెళ్ళడానికి చాలా భయపడ్డాను. హైదరాబాద్‌లో మానసిక వైద్యశాల ఉన్న ఎర్రగడ్డ అనే పేరునే తిట్టులా వాడతారు కదా. కౌన్సెలర్ మేడమ్ ఒక ప్రభుత్వ జనరల్ హాస్పిటల్‌కి చీటీ రాశారు. అక్కడ కంటికీ, పంటికీ, మనసుకీ అన్నిటికీ ఒకే క్యూ, ఒకే ఓపీ చీటీ. నా ముందు ఒక తాతయ్య నిద్ర పట్టడం లేదని వచ్చారు, వెనక పసిపిల్లతో ఒక అక్క. యూనివర్సిటీకి తెలిసిపోతుందేమో అన్న టెన్షన్ కూడా ఉండేది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నా వివరాలు గోప్యంగా ఉంచడం నా హక్కు అని, నేను ఒప్పుకోకుండా కాలేజీకి ఏదీ వెళ్ళదని డాక్టరమ్మ మొదటే చెప్పారు. ఆ ఒక్క మాటతో నా నోరు తెరుచుకుంది.

చాలామందికి లోపల ఏం చేస్తారో తెలియక భయం, అందుకే వివరంగా చెప్తున్నా. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు. నాడి చూశారు. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, సోడియం, పొటాషియం పరీక్షలు, ఈసీజీ రాశారు. వాంతులు చేసుకునేవాళ్ళకి పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుందట, అందుకని ఎవరినైనా ముందు అది చూస్తారట. నాకు పొటాషియం బాగానే ఉంది, రక్తం తక్కువగా ఉంది. బరువు చూసేటప్పుడు "అంకె నీకు చూడాలని ఉందా, వద్దా?" అని అడిగారు. వద్దన్నాను. వెనక్కి తిప్పి నిలబెట్టి రాసుకున్నారు. బరువు అంకెను చూడకుండా ఉండొచ్చని నాకు అప్పటిదాకా తెలీదు.

జబ్బు పేరు చెప్పాక "నేను వాంతి చేసుకోను కదా మేడమ్" అన్నాను. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. అదుపు తప్పి తినడం ఒకటి, దాన్ని సరిచేసుకోవాలని ఒంటిని శిక్షించడం ఇంకొకటి. ఆ శిక్ష వాంతే అవ్వాలని లేదు. పస్తు ఉండటం, అతిగా వ్యాయామం చేయడం కూడా అదే లెక్కలోకి వస్తాయి. లండన్ డాక్టరు జెరాల్డ్ రస్సెల్ 1979లో ఈ జబ్బుకు బులీమియా నెర్వోసా అని పేరు పెట్టారు. ఇది ఉన్నవాళ్ళలో చాలామంది చూడటానికి మామూలు బరువులోనే ఉంటారు, అందుకే ఇంట్లోవాళ్ళు పట్టుకోలేరు. పస్తు లేకుండా అదుపు తప్పి తినడం ఒక్కటే ఉంటే దాన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు, 2013 నుంచి అమెరికా డాక్టర్ల పుస్తకంలో అది కూడా విడిగా ఒక జబ్బే.

పీసీఓఎస్ (పీసీఓడీనే ఇలా కూడా అంటారు) గురించి అక్కడి గైనకాలజిస్ట్‌కి కూడా చూపించారు. అది నిజంగానే ఉంది. కానీ కడుపు మాడ్చుకోవడం దానికి వైద్యం కాదు. తక్కువ తింటే మెదడు నుంచి అండాశయాలకి అందాల్సిన సంకేతాలు మందగించి, వచ్చే నెలసరి కూడా ఆగిపోతుంది, నాకు జరిగింది అదే. పీసీఓఎస్ మీద 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఈ అమ్మాయిలకి తిండి రుగ్మతలు వచ్చే అవకాశం ఎక్కువని గమనించుకోమని డాక్టర్లకి స్పష్టంగా చెప్పారట. ఆ మొదటి క్లినిక్‌లో ఎవరైనా అది చదివి ఉంటే ఎంత బాగుండేది.

ఫ్లూయాక్సెటిన్ అనే మందు రాశారు. బులీమియాకి అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం ఉన్నది ఈ మందు ఒక్కదానికే. మొదట్లో కడుపులో తిప్పింది, తర్వాత సర్దుకుంది. పాతికేళ్ళలోపు వాళ్ళకి మొదటి వారాల్లో మనసు మరీ చెడ్డగా అనిపించొచ్చు, అలా ఉంటే రివ్యూ తేదీదాకా ఆగకుండా వెంటనే రమ్మన్నారు. ఈ మందు పేరు చూసి మెడికల్ షాపులో కొనుక్కోవద్దు. ఎవరికి ఎంత అన్నది డాక్టరే చెప్పాలి.

అసలు పని జరిగింది క్లినికల్ సైకాలజిస్ట్ గదిలో. వాళ్ళు వాడే పద్ధతి సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మాటల ద్వారా మార్చే చికిత్స; తిండి జబ్బులకి దాన్ని ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ తీర్చిదిద్దారు. మామూలుగా వారానికొకటి చొప్పున ఇరవై సెషన్ల దాకా ఉంటుంది. చిన్నప్పటి సంగతులన్నీ తవ్వి తీస్తారేమో అనుకున్నాను. ఆవిడ అడిగింది, "రేపు పొద్దున టిఫిన్ ఎన్నింటికి తింటావు?" అని.

అంతే, అదే చికిత్స. మూడు పూటలు తినాలి, మధ్యలో రెండు మూడుసార్లు చిన్న తిండి. ఒకదానికీ ఇంకోదానికీ నాలుగు గంటలకి మించి ఎడం ఉండకూడదు. ఆకలేసినా వెయ్యకపోయినా గడియారం చూసి తినాలి. ముందురోజు రాత్రి ఎంత తిన్నా పొద్దున టిఫిన్ మానకూడదు. ఏం తినాలి అన్నది మొదట్లో అడగను, ఎప్పుడు తినాలో అది చాలు అన్నారు. "రాత్రి తిండిని ఆపడానికి నువ్వు రాత్రి పోరాడుతున్నావు. అది పగలు మానేసిన తిండి. పగలు పెట్టేస్తే రాత్రి అడగదు" అన్నారు. నేను నమ్మలేదు. తింటే లావవుతాననే భయం ఎముకల్లో ఇంకిపోయి ఉంది. కానీ నా తప్పు కాదు, నా మనోబలం లోపం కాదు అని మొదటిసారి ఎవరో చెప్పారు కాబట్టి ప్రయత్నిస్తానన్నాను.

మెస్‌లో మొదటి టిఫిన్ ఉప్మా. ప్లేటు ముందు పెట్టుకుని కూర్చున్నాను. చేతులు చల్లబడ్డాయి. జీడిపప్పు ఏరి పక్కన పెట్టబోతే, ఎదురుగా ఉన్న రూమ్మేట్ ఏమీ అనకుండా తన ప్లేట్లోది తింటూ నెక్స్ట్ సెమినార్ గురించి మాట్లాడుతూనే ఉంది. తినే మనిషిని చూస్తూ కూర్చోకుండా పక్కన మామూలుగా ఉండటం ఎంత పెద్ద సాయమో చెప్పలేను. ప్లేటు ఖాళీ అయ్యేసరికి మెస్ ఖాళీ అయింది.

ఒక నోట్‌బుక్ పెట్టమన్నారు. అందులో క్యాలరీలు రాయకూడదు. ఎన్నింటికి, ఎక్కడ, ఏం తిన్నాను, అప్పుడు మనసులో ఏముంది, అంతే. కొన్ని వారాలు రాశాక పేజీలే మాట్లాడాయి. రాత్రి అదుపు తప్పిన ప్రతి రోజూ పైన మధ్యాహ్నం గడి ఖాళీగా ఉంది. ఇంటినుంచి పెళ్ళి సంబంధాల ఫోన్ వచ్చిన రోజు, ఇంటర్నల్ మార్కులు పెట్టిన రోజు కూడా. ఇంకో లోటు బయటపడింది. మెస్‌లో రాత్రి భోజనం ఎనిమిదికి అయిపోతుంది, మేము పడుకునేది ఒంటిగంటకి. ఐదు గంటలు ఖాళీ కడుపు. అందుకని పదిన్నరకి ఒక అరటిపండు, గ్లాసు పాలు కలిపారు. అది నాకు మందుకంటే ఎక్కువ పనిచేసింది.

ఆ రోజుల్లో రాత్రిళ్ళు నేను వంటల వీడియోలు గంటలు గంటలు చూసేదాన్ని. తినను, చూస్తానంతే. ఎందుకలా అని అడిగితే సైకాలజిస్ట్ ఒక సంగతి చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి ఆరు నెలల పాటు సగం తిండే పెట్టి చూశారు. యుద్ధంలో ఆకలితో మాడిపోయినవాళ్ళకి మళ్ళీ ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడానికి. వాళ్ళు అంతకుముందు తిండి గురించి పట్టించుకునేవాళ్ళు కాదు. అలాంటివాళ్ళు వంటల పుస్తకాలు కూడబెట్టుకున్నారు, ప్లేటు ముందు గంటలు గంటలు కూర్చున్నారు, దిగులుగా, చిరాగ్గా, ఒంటరిగా అయిపోయారు. తిండి మళ్ళీ పెట్టాక కొందరు ఎంత తిన్నా తృప్తి లేక తింటూనే ఉన్నారు. ఆకలితో ఉన్న మెదడు ఎవరిదైనా అలాగే చేస్తుంది. అది విన్న రోజు నేను హాస్టల్‌కి నడిచి వస్తూ దారంతా ఏడ్చాను. నాలో ఏదో చెడ్డ బుద్ధి ఉందనుకుంటూ అన్ని నెలలు బతికాను. ఉన్నది ఆకలి.

అమ్మకి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. రోజూ ఫోన్లో ఆమె మొదటి మాట "తిన్నవా బిడ్డా?" అనే. రోజూ తిన్నా అనే చెప్పేదాన్ని. సైకాలజిస్ట్ ఒకసారి అమ్మని తీసుకురమ్మన్నారు. అమ్మ రాగానే నా దిష్టి తీసి, తర్వాత ఆవిడని సూటిగా అడిగింది. "తింటే పోయేదానికి మందులెందుకు మేడమ్? అన్నం తినుడు కూడ నేర్పాల్నా?" ఆవిడ నవ్వలేదు. "తింటే పోతుందన్నది నిజమే అమ్మా. తినాలంటే భయం వేస్తోంది, ఆ భయానికే వైద్యం" అన్నారు. ఇంట్లో చేయాల్సినవి మూడే చెప్పారు. ఒంటి గురించి, లావు సన్నం గురించి ఎవరూ మాట్లాడొద్దు, మంచి మాటైనా సరే. వడ్డించాక బలవంతం చేయొద్దు. నాతోపాటు కూర్చుని తినాలి. మూడోది అమ్మకే కష్టమైంది, ఆమె ఎప్పుడూ అందరూ తిన్నాక వంటింట్లో ఒక్కతే తినేది. ఇప్పుడు నేను ఊరెళ్తే అందరం కలిసి తింటాం. మేనత్త ఏదో అనబోతే అమ్మ "దాని ఒళ్ళు ముచ్చట మనకెందుకు వదినా" అని అడ్డుపడింది. తర్వాతి కార్తీకానికి ఉపవాసం వద్దని డాక్టరమ్మ చెప్పినప్పుడు నేను తటపటాయించాను గానీ, అమ్మ తటపటాయించలేదు. "తిన్నంకనే ఒత్తి వెలిగియ్, దేవుడేం వద్దనడు" అంది.

సెమిస్టర్ పరీక్షలప్పుడు మళ్ళీ పాత పద్ధతి తిరగబెట్టింది. అలా అవుతుందని ముందే చెప్పారు. అప్పుడు చేయాల్సింది ఒక్కటే, తర్వాతి పూట తిండిని టైముకి తినడం. ఆ పూట మానేస్తేనే చక్రం మళ్ళీ మొదలవుతుంది. మానలేదు. భయపడి దూరం పెట్టిన వాటిని కూడా ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకున్నాను, ముందు పెరుగన్నం, తర్వాత ఆవకాయ నెయ్యి కలిపిన ముద్ద, చివరికి సకినాలు. అవి పగలే, చప్పుడయ్యేలా, నలుగురితో కూర్చుని. నెలసరి కొన్ని నెలలకి దానంతటదే దారిలో పడింది. మందు ఇంకా వాడుతున్నాను, ఎప్పుడు తగ్గించాలో డాక్టరమ్మ చెప్తారు.

ఈ మధ్య మెస్ కమిటీలో చేరాను. హాస్టల్‌లో ఇలా రాత్రిళ్ళు ఇబ్బంది పడే అమ్మాయిని నేనొక్కదాన్నే కాదని తెలిశాక ఊరుకోవాలనిపించలేదు. మేము అడిగింది రెండు. రాత్రి పదిన్నరదాకా పాలు, అరటిపండ్లు అందుబాటులో ఉంచాలి. ఎనిమిదింటికే ల్యాబ్ ఉన్నవాళ్ళకి టిఫిన్ ఏడింటికే పెట్టాలి. మొదటిదానికి వార్డెన్ మేడమ్ ఒప్పుకున్నారు, గత నెల నుంచి ఇస్తున్నారు. రెండోదానికి వంటవాళ్ళు చాలరన్నారు. ముందురోజు పేరు రాసుకున్నవాళ్ళకి మాత్రమే పెట్టినా చాలని మళ్ళీ అర్జీ రాసి ఇచ్చాం. ఆ కాగితం మీద మా బ్లాక్ అమ్మాయిలందరూ సంతకం పెట్టారు.